సీదీ మర్జూక్‌కి ఒప్పజెప్పిన సైకిలు

మక్తార్,
ఏప్రిల్ 4

ప్రియమైన మోంజియాకి,

సలాం. నేను బతికే ఉన్నానని ముందు చెప్పేస్తున్నా. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి సైకిలు యాత్ర ఏమిటని గుమ్మంలో నిలబడి వీధంతా వినేలా అరిచావే, ఆ అరుపుల జోరుకే సగం దూరం వచ్చేశాను. నువ్వే చెప్పు, కైరవాన్‌లో నలభై ఏళ్ళుగా అందరి సైకిళ్ళూ బాగుచేస్తున్నాను. చక్రం సరిగ్గా తిరుగుతోందో లేదో చూడ్డానికి వీధి చివరిదాకా తొక్కడం, వెనక్కి తిరగడం. ఆ మలుపు దాటి ఏనాడైనా వెళ్ళానా? ఒక్క నెల కొట్టు మూస్తే ఊరు మునిగిపోదులే.

కెస్రా కొండ ఎక్కేసరికి మాత్రం మోకాలు నీ పేరే తలుచుకుంది. పైన ఊట దగ్గర బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్ళు నన్ను చూసి ఒకటే నవ్వు. "సైకిలు నిన్ను మోస్తోందా, నువ్వు సైకిల్ని మోస్తున్నావా బాబాయ్?" అని అడిగింది ఒకామె. వేడి వేడి రొట్టె, ఆలివ్ నూనె పెట్టారు. కాఫీలో నాలుగు చెంచాల చక్కెర వేసుకుంటే, వాళ్ళలో ముసలావిడ గిన్నె దాచేసింది.

ఇక అసలు సంగతి. తిట్టకుండా చదువు. మక్తార్ ఇంకా రెండు గంటల దారి ఉందనగా నా సైకిలు ఫ్రేము సీటు కింద పగిలింది. వేలు పెడితే తెలిసేటంత పగులు. తోసుకుంటూ సీదీ మర్జూక్ దర్గాకి చేరాను. తెల్ల గుమ్మటం, చుట్టూ ఒక్క ఇల్లు లేదు. లోపల, ఏ దర్గాలోనైనా ఉన్నట్టే, జనం ఆ వలీ కాపలాకి ఒప్పజెప్పి వెళ్ళిన సామాన్లు ఉన్నాయి. నాగళ్ళు, ఉన్ని మూటలు, ఎవరిదో పెళ్ళిపెట్టె. వాటి మధ్య గోడకి ఆనించి ఒక ఆకుపచ్చ సైకిలు. వెనక క్యారియర్ మీద కత్తుల సానరాయి బిగించి ఉంది. సీటు మీద వేలెడు దుమ్ము. కానీ చైనుకి తడి నూనె, చక్రాల్లో నిండా గాలి!

దర్గా చూసుకునే ముజావరు కోసం గంటసేపు చూశాను. రాలేదు. దర్గాలో పెట్టిన వస్తువు పెట్టినవాడే తీసుకోవాలి, తెలుసు, నాకూ తెలుసు. కానీ నడిచే సైకిలు ఊరికే పడి ఉంటే చూసి ఊరుకోలేని చెయ్యి నాది. నాది అక్కడ పెట్టి దాన్ని తీసుకున్నాను. ఒక కొవ్వొత్తి, చక్కెర పొట్లం పెట్టి, పది రోజుల్లో తెచ్చిస్తానని సీదీకి గట్టిగానే చెప్పాను. నిజం చెప్పనా, ఇంత తేలిగ్గా కదిలే సైకిలు నా కొట్లోకి ఎప్పుడూ రాలేదు.

ఉత్తరం తాలా పోస్టాఫీసుకి రాయి. రౌదా కాన్పు వేళకి ఇంట్లో ఉంటాను. మనవడో మనవరాలో, చెవిలో అజాన్ చెప్పేది నేనే. ఇంకెవరినీ దగ్గరికి రానివ్వకు.

నీ తిట్ల కోసం చూస్తూ,
తిజానీ


కైరవాన్,
ఏప్రిల్ 7

ప్రియమైన తిజానీకి,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావట్లేదు. ఏమయ్యా, నీకు బుర్ర ఉందా? బిడ్డల్ని కన్నావు, రేపో మాపో తాతవి అవుతున్నావు, సీదీ దగ్గర పెట్టిన వస్తువు ఎత్తుకొచ్చేస్తావా? పైగా చక్కెర పొట్లం లంచం! పిల్లి కూడా ఆ గుమ్మం లోపలికి రాగానే ఎలకని వదిలేస్తుందంటారు, పిల్లికున్న బుద్ధి నీకు లేకపోయింది.

మా మేనత్త సాలిహా సంగతి నీకు చెప్పాను, నువ్వు వినలేదు, నేనేం చెప్పినా నువ్వు వినవు. ఒక్క పూటకే కదా అని దర్గాలోంచి ఎవరిదో గొర్రెల కత్తెర తెచ్చింది. ఆ రోజంతా గొర్రెల ఉన్ని కత్తిరించి సాయంత్రం కత్తెర వదలబోతే వేళ్ళు విచ్చుకోలేదు. మా నాన్న లాగాడు, మా మామ లాగాడు, ఊహూఁ. పన్నెండు రోజులు కత్తెరతోనే తింది, కత్తెరతోనే పడుకుంది. చివరికి ఆ కత్తెర గలామె వచ్చి తన చేత్తో పట్టుకుని "అందింది" అంటే అప్పుడు వేళ్ళు విడిపోయాయి. ఆ చేతిని నేను చూశాను, అప్పుడు నాకు ఏడేళ్ళు.

వెంటనే తీసుకెళ్ళి పెట్టెయ్. నీ విరిగిన సైకిలు ఏ ట్రాక్టరు మీదో వేసుకుని ఇంటికి రా. రౌదా కాళ్ళు వాచాయి. మంత్రసాని ఇంకో మూడు వారాలంటుంది కానీ నా లెక్కలో అంతకంటే ముందే. పిల్ల రోజుకి పదిసార్లు "నాన్న ఎక్కడిదాకా వచ్చాడు" అని అడుగుతోంది. చిలిపి కబుర్లు కాదు, నువ్వు కావాలి ఇక్కడ.

కోపంతో, బెంగతో,
మోంజియా


తాలా,
ఏప్రిల్ 11

ప్రియమైన మోంజియాకి,

నీ ఉత్తరం అందింది. ఇప్పటికి మూడుసార్లు చదివాను. తిట్లు చదువుతుంటే ఇంట్లో ఉన్నట్టే ఉంది, అందుకని.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నవ్వాలనిపిస్తే నవ్వు. రూహియాలో టీకొట్టు దగ్గర సైకిలు ఆపి అలవాటుగా బెల్లు కొట్టాను. కొట్టువాడు పొయ్యి వైపు తిరిగి ఉన్నాడు. తలైనా తిప్పకుండా గ్లాసు తీసి, నేనేమీ అడక్కముందే కాఫీ పోసి నా ముందు పెట్టాడు. చక్కెర లేదు. "మూడు రోజులన్నావు ఖమైస్" అన్నాడు. అప్పుడు తిరిగి నన్ను చూశాడు. "నేను ఖమైస్‌ని కాదయ్యా, తిజానీని, మాది కైరవాన్" అన్నాను. వాడు పెద్దగా నవ్వాడు. "నీ వేళాకోళాలు ఇంకా పోలేదు" అని లోపలికెళ్ళి ఒక కోటు తెచ్చాడు. బరువైన ఉన్ని కోటు, టోపీతో సహా. "వెళ్ళేటప్పుడు మర్చిపోయావు, తిరిగొచ్చేటప్పుడు తీసుకుంటావని దాచాను. చలికి ఏమైపోయావో అనుకున్నాను." వాడి కళ్ళలో నీళ్ళు. ఆ ముసలాడి ముందు కాదని ఎలా అనను? వేసుకున్నాను. నాకే కుట్టినట్టు ఉంది. జేబులో ఎర్ర దారపు ఉండ, కాగితంలో చుట్టిన మూడు సూదులు ఉన్నాయి.

ఆ తర్వాత ఏ ఊళ్ళోనూ నా మొహం ఎవరూ చూడట్లేదు. బెల్లు వినగానే ఆడవాళ్ళు కత్తులు, గొర్రెల కత్తెరలు పట్టుకుని వచ్చేస్తున్నారు. "ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావు ఖమైస్, మా కత్తులు నీళ్ళని కూడా కొయ్యట్లేదు" అంటారు. నాకు సాన పట్టడం రాదు, నీకు తెలుసు. ఇంట్లో కూరగాయల కత్తికి కూడా పక్కింటి బూబకర్‌ని పిలుస్తావు. కానీ సైకిలు స్టాండు వేసి పెడలు తొక్కితే రాయి తిరిగింది, నా చేతులు వాటంతటవే కత్తి పట్టాయి. ఎంత ఒరగాలో, ఎక్కడ ఆపాలో వాటికే తెలుసు. అలా ఇరవై కత్తులు పట్టాను. నా చేతులు పని చేస్తుంటే పక్కన నిలబడి చూస్తున్నట్టు ఉంది, మోంజియా. భయం వేసింది.

నీ ఉత్తరం చదివాక సైకిల్ని వెనక్కి తిప్పాను. ఒట్టు. నిన్న పొద్దున్న తాలా నుంచి మక్తార్ వైపు బయల్దేరాను. ఎదురుగాలి. తల వంచుకుని మధ్యాహ్నందాకా తొక్కాను. తలెత్తితే మళ్ళీ తాలా పోస్టాఫీసు. ఈరోజు ఇంకో దారిన వెళ్ళాను, అదే జరిగింది. దిగి నడిపిద్దామంటే పడమటికైతే నీళ్ళ మీద పడవలా కదులుతుంది, తూర్పుకి తోస్తే చక్రాలు బిగుసుకుంటాయి. బేరింగులు విప్పి చూశాను. ఏ లోపమూ లేదు.

వదిలేసి బస్సెక్కొచ్చుగా అంటావు. ఎక్కబోయాను. చెయ్యి హ్యాండిల్ని వదల్లేదు. మీ మేనత్త గుర్తొచ్చింది.

మోకాలి నొప్పి పూర్తిగా పోయింది. చక్కెర లేని కాఫీ రుచిగానే ఉంటోంది. ఇక తొందరగా వెళ్ళాలి, మంచు పడేలా ఉంది.

నీ
తిజానీ


కైరవాన్,
ఏప్రిల్ 15

ప్రియమైన తిజానీకి,

ఏప్రిల్‌లో మంచేమిటి? ఇక్కడ మల్లెలు పూస్తున్నాయి. ఆ ఒక్క మాట చదివాక నాకు నిద్ర లేదు.

రౌదాని మా చెల్లెలికి అప్పగించి మొన్న బస్సెక్కి మక్తార్ వెళ్ళాను. అక్కడి నుంచి గాడిద మీద సీదీ మర్జూక్ దర్గాకి వెళ్ళాను. ముజావరు మబ్రూకా అనే ముసలావిడ. ఖాళీ గోడ ముందు కూలబడి ఉంది. నేనెవరో చెప్పగానే తిడుతుందనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

ఆ సైకిలు ఖమైస్ అనే సాన పట్టేవాడిది. ఊరు కలాత్ సెనాన్. ఇరవై ఒక్క ఏళ్ళ కిందట ఊళ్ళన్నీ తిరిగి ఇంటికి వెళ్తుంటే మంచు పట్టుకుందట. సైకిలు నడిచే దారి లేక దర్గాలో ఒప్పజెప్పి, "మూడు రోజుల్లో వచ్చి తీసుకుంటాను" అని కొండ అడ్డదారిన కాలినడకన బయల్దేరాడట. ఒంటి మీద కోటు లేదు. ఇల్లు చేరలేదు. మంచు కరిగాక ఊరంతా వెతికారు, ఏమీ దొరకలేదు.

అతని భార్య జీనా ఏటా వసంతంలో వస్తుందట. సైకిలు పక్కన కూర్చుంటుంది, చక్రం ఒకసారి తిప్పి చూసుకుంటుంది, వెళ్ళిపోతుంది. "తీసుకెళ్ళమ్మా, పెళ్ళానివి, నీకు హక్కుంది" అంటుందట మబ్రూకా. ఆవిడ ఒప్పుకోదట. "నేను ముట్టుకుని తీసుకెళ్తే ఆయన చచ్చిపోయినట్టే కదా. అది ఇక్కడున్నంత కాలం ఆయన దార్లో ఉన్నట్టే" అంటుందట. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఏడుపు లేదు, పరామర్శకి ఎవరూ వెళ్ళలేదు. తెల్లబట్ట కట్టలేదు.

ఇంకో రెండు సంగతులు రాయాలి. చక్రాలకి గాలి ఎవరు కొడతారని అడిగాను. "గాలా? నేను కొవ్వొత్తి వెలిగించడం తప్ప దాన్ని వేలితో తాకను తల్లీ" అంది.

రెండోది. నువ్వక్కడ పెట్టిన నీ సైకిల్ని చూశాను. సీటు కింద తడిమి తడిమి చూశాను. పగులు లేదు తిజానీ. ఎక్కడా లేదు.

నలభై ఏళ్ళ పనివాడివి, నీ వేలు పొరబడదు. నిన్ను అక్కడ ఆపిందేదో కావాలనే ఆపింది. ఈ ఉత్తరం తాలాకే రాస్తున్నాను. అందగానే ఒక్క ముక్క రాయి. పిచ్చిదానిలా పోస్టువాడి కోసం గుమ్మంలోనే ఉంటున్నాను.

నీ
మోంజియా


హైద్రా దగ్గర

ప్రియమైన జీనాకి,

సలాం. ఇక ఎంతో దూరం లేదు. మంచు పెద్దగా పడుతోంది కానీ సైకిలు బాగానే నడుస్తోంది. మూడు రోజులని చెప్పి ఆలస్యం చేశానని కోపం పెట్టుకోకు.

నువ్వడిగిన ఎర్ర దారం, సూదులు జేబులోనే ఉన్నాయి. ఈసారి కోటు మర్చిపోలేదు.

కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళు వెచ్చబెట్టు.

నీ
ఖమైస్


కైరవాన్,
ఏప్రిల్ 20

ప్రియమైన తిజానీకి,

నీ పేరు తిజానీ. మొదటి ముక్కగా అదే రాస్తున్నాను. ఈ ఉత్తరం కలాత్ సెనాన్‌కి, జీనా ఇంటికి రాస్తున్నాను. నువ్వు అక్కడికే చేరతావని తెలుసు.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. కవరు మీద నా పేరు, మన వీధి, నీ చేతిరాత. విప్పితే లోపల ఇంకో ఆడదాని పేరు. కింద ఇంకో మగాడి పేరు. నువ్వు నిజంగా ఇంకో ఆడదానికి రాసి ఉంటే ఎంత బాగుండేదనిపించింది. చెప్పు పుచ్చుకుని బస్సెక్కేదాన్ని, పని తేలికయ్యేది.

విను. నువ్వు తిజానీవి. బూర్గీబా వీధిలో కాదు, దాని వెనక మేకల సందులో సైకిలు కొట్టు నీది. తలుపు సగమే తెరుచుకుంటుంది, బాగుచేస్తానని పదేళ్ళుగా అంటున్నావు. నీ ఎడమ బొటనవేలి మీద కాలిన మచ్చ ఉంది, రౌదా పుట్టినరోజున కంగారులో వేడి ఇనుము పట్టుకున్నావు. నువ్వు గురక పెడతావు. పెట్టనని అబద్ధమాడతావు. చేపల ముళ్ళు నేను తీసిపెట్టకపోతే తినవు. కాఫీలో నాలుగు చెంచాల చక్కెర. నాలుగు! మూడేసి నాలుగని చెప్తే కనిపెట్టేస్తావు.

రౌదా పదిహేడున ప్రసవించింది. మగపిల్లాడు. చెవులు నీవే, పాపం. మీ తమ్ముడు హమ్మాది అజాన్ చెప్పడానికి వంగితే నేను అడ్డం నిలబడ్డాను. ఇమాము గారు కోప్పడ్డారు. "మూడు రోజులైంది, బిడ్డ చెవి ఇలా ఖాళీగా ఉండకూడదమ్మా" అన్నారు. అయినా ఒప్పుకోలేదు. ఇంకొకరు చెప్తే నువ్వు రావని నేను ఒప్పుకున్నట్టే కదా. ఆ మాట అనుకున్నాక నాకు జీనా గుర్తొచ్చింది. ఆవిడా ఇలాగే అడ్డం నిలబడి ఉంది, ఇరవై ఒక్క ఏళ్ళుగా. నేను మూడు రోజులకే అలిసిపోయాను.

నువ్వు వెనక్కి రావాలంటే ఒక్కటే దారి. ఆ సైకిల్ని ఆవిడ తన చేత్తో పట్టుకుని "అందింది" అనాలి. అలా అనడమంటే ఆవిడ మొగుణ్ణి ఆవిడే మట్టిలో పెట్టుకోవడం. నా మొగుణ్ణి నాకివ్వమని అడగాలంటే తన మొగుణ్ణి వదిలెయ్యమని ఆవిడని అడగాలి. నాకు సిగ్గుగా ఉంది తిజానీ. అయినా అడుగుతున్నాను. బలవంతం చెయ్యొద్దు. ఈ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించు, అంతే.

నీ భార్య, నీ కూతురి తల్లి,
మోంజియా


కలాత్ సెనాన్,
ఏప్రిల్ 26

ప్రియమైన మోంజియాకి,

సలాం. నేను తిజానీని.

ఇక్కడికి ఎప్పుడు వచ్చానో నాకు గుర్తులేదు. జీనా చెప్పింది. సాయంత్రం రొట్టెల పిండి పిసుకుతుంటే బెల్లు వినబడిందట. చేతులు పిండితోనే ఉన్నాయి, వెచ్చటి నీళ్ళు తెచ్చి గుమ్మంలో నా కాళ్ళు కడిగిందట. నేను ఎర్ర దారం, సూదులు ఇచ్చి, "ఆలస్యమైంది" అన్నానట. కోటు మీద మంచు ఉందట మోంజియా, ఊరంతా ఎండ కాస్తున్నా.

"కాళ్ళు కడిగినప్పుడే తెలిసింది నువ్వు ఆయన కాదని. ఆయన కాళ్ళు నాకు తెలియవా? కానీ గొంతు ఆయనదే అయ్యా. మూడు రోజులు ఆ గొంతు విన్నాను. తప్పో ఒప్పో, వినేశాను" అంది. అరవై దాటిన మనిషి, బక్కపలచగా ఉంటుంది. నాకు వాకిట్లో గొంగడి వేసి, తను లోపల గడియ వేసుకుందట. మూడు రోజులూ గుమ్మానికి అటు ఆవిడ, ఇటు నేను కూర్చుని మాట్లాడుకున్నామట. ఏం మాట్లాడానో చెప్పమన్నాను. "అది నాది" అంది. నేను మళ్ళీ అడగలేదు.

నీ ఉత్తరం ఇరవై మూడున వచ్చింది. ఆవిడకి చదువు రాదు, నన్నే చదవమంది. ఎవరో తిజానీకి ఎవరో రాసిన ఉత్తరంలా చదివానట. మేకల సందు, సగం తలుపు, కాలిన మచ్చ, అన్నీ గడగడా చదివేశాను, ఏదీ నాది కాదు. నాలుగు చెంచాల చక్కెర దగ్గరికొచ్చేసరికి ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. లేచి కాఫీ కాచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పైకి అంటూ చక్కెర వేసింది. నాకు గుర్తున్నది అక్కడి నుంచే. నోట్లో తీపి తగిలింది. బొటనవేలు చూసుకున్నాను. నీ పేరు పెట్టి అరిచాను, పక్కింటి కుక్క మొరిగింది.

ఉత్తరంలో మిగిలింది అప్పుడు నేనుగా చదివాను. నువ్వు సిగ్గుగా ఉందని రాసిన చోటు రెండుసార్లు చదివాను. జీనా ఖాళీ గ్లాసు కడిగి బోర్లించింది. "పసివాడి చెవి ఎన్నాళ్ళు ఖాళీగా ఉంటుంది" అంది. వాకిట్లోకి వెళ్ళి సైకిలు హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుంది. వదిలేస్తుందేమో అనుకున్నాను. వదిలేస్తే నేను ఏమీ అనేవాణ్ణి కాదు, ఒట్టు. "అందింది ఖమైస్" అంది. "అందిందయ్యా. ఇక పడుకో."

అప్పుడు చక్రాల్లో గాలి దిగడం మొదలైంది. ముందు చక్రం, తర్వాత వెనకది. ఎవరూ ముట్టుకోలేదు. ఒక మనిషి పెద్ద ఊపిరి వదిలినట్టు సుయ్‌మని చాలాసేపు వినబడింది. అది పూర్తిగా ఆగాకే ఆవిడ ఏడ్చింది. ఆ ఏడుపు విని ఊరి ఆడవాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు, ఎందుకని ఒక్కరూ అడగలేదు. తెల్లబట్ట తెచ్చి కట్టారు. పక్కిళ్ళ నుంచి అన్నాలొచ్చాయి. మూడు రోజులు నేను గుమ్మంలో తమ్ముడిలా నిలబడి పరామర్శలు అందుకున్నాను. అందుకే ఆలస్యమైంది, తిట్టకు. ట్యూబులు విప్పి చూశాను, ఇరవై ఏళ్ళ కిందటే చివికి పోయిన రబ్బరు. ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. ఇలాంటి దాంట్లో గాలి నిలవనే నిలవదు, పనివాణ్ణి కాబట్టి చెప్తున్నా.

రేపు పొద్దున్న షేర్ టాక్సీలో బయల్దేరతాను. నా సైకిలు సీదీ దగ్గరే ఉండనీ, తర్వాత నేనే వెళ్ళి తెచ్చుకుంటాను. నాతో పాటు నువ్వూ రా, మబ్రూకాకి క్షమాపణ చెప్పాలి. పిల్లాడికి స్నానం చేయించి కుడి చెవి శుభ్రంగా తుడిచి ఉంచు. పేరు మీ ఇష్టం. ఖమైస్ అని మాత్రం పెట్టొద్దు. జాలితో రౌదా అంటుందేమో, ఒప్పుకోకు. ఆ పేరుతో ఇక ఎవరూ పిలవకూడదు, ఆయన్ని పడుకోనివ్వాలి.

నిన్నటి నుంచి మోకాలు మళ్ళీ నొప్పెడుతోంది. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

నాలుగు చెంచాలవాడు,
నీ తిజానీ